చీకటిని వెతుక్కుంటూ వెళ్లిన వైను బప్పు

మన గోడపత్రికలో ఈసారి నేను వైను బప్పు గారి జీవితం రాస్తున్నాను. సైన్సులో పెద్దవాళ్లంటే మనకు సి.వి. రామన్ గారు తెలుసు, కలాం గారు తెలుసు. నక్షత్రాల శాస్త్రంలో అంత పేరున్న బప్పు గారు మన హైదరాబాదులోనే పెరిగారని మాత్రం చాలామందికి తెలియదు.

ఆయన 1927 ఆగస్టు 10న మద్రాసులో పుట్టారు. నాన్నగారు హైదరాబాదు నిజామియా వేధశాలలో అసిస్టెంటు. వేధశాల అంటే టెలిస్కోపులతో ఆకాశాన్ని చూసి లెక్కలు రాసుకునే చోటు. ఈ వేధశాల మొదలైందే ఒకరి ఇంట్లో. నవాబ్ జఫర్ జంగ్ గారికి నక్షత్రాలంటే పిచ్చి. 15 అంగుళాల టెలిస్కోపు విదేశం నుంచి తెప్పించి, 1901లో ఫిసల్‌బండలో తన ఇంటి దగ్గరే పెట్టుకున్నారు. తర్వాత నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుంది. వేధశాల బేగంపేటకు మారింది. అక్కడ ఆకాశాన్ని ముక్కలు ముక్కలుగా గాజు పలకల మీద ఫోటోలు తీసి, లక్షల నక్షత్రాల చోట్లు గుర్తించారు.

ఫోటో ఎందుకంటే, మన కన్ను వెలుగును కూడబెట్టలేదు. ఎంతసేపు చూసినా అంతే కనిపిస్తుంది. ఫోటో పలక అట్లా కాదు, చుక్క చుక్కగా నీళ్లు పడి కుండ నిండినట్టు గంటల తరబడి వెలుగు పోగుచేసుకుంటుంది. భూమి తిరుగుతుంటుంది కాబట్టి టెలిస్కోపును కూడా నక్షత్రం వెంట మెల్లగా తిప్పుతూ ఉండాలి. అప్పుడు కంటికి కనిపించనివి కూడా పలక మీద తేలతాయి.

బప్పు గారు ఈ వాతావరణంలోనే పెరిగారు. నిజాం కాలేజీలో చదువుతూనే, వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉండే నక్షత్రాలను గమనించి వ్యాసాలు అచ్చువేయించారు. అప్పటికి ఆయనకు ఉద్యోగమూ లేదు, పదవీ లేదు. ఇష్టం ఒక్కటే ఉంది. హైదరాబాదు ప్రభుత్వం స్కాలర్‌షిప్ ఇస్తే అమెరికాలోని హార్వర్డుకు వెళ్లారు. 1949 జూలైలో అక్కడ తీసిన ఒక ఫోటో పలక మీద కొత్త తోకచుక్క కనిపించింది. దానికి బప్పు, బోక్, న్యూకిర్క్ అని ముగ్గురి పేర్లూ కలిపి పెట్టారు. 1957లో ఓలిన్ విల్సన్ గారితో కలిసి, నక్షత్రపు వెలుగులోని ఒక గీత వెడల్పును బట్టి దాని అసలు కాంతి ఎంతో తెలుసుకోవచ్చని చూపించారు. దాన్నిబట్టి దూరం కూడా లెక్క కట్టవచ్చు.

అంత పేరు వచ్చినా ఆయన అమెరికాలో ఉండిపోలేదు. 1960లో కొడైకెనాల్ వేధశాలకు డైరెక్టరయ్యారు. ఆ వేధశాల పని ముఖ్యంగా సూర్యుడిని చూడడం. రాత్రి ఆకాశం కోసం వేరే చోటు కావాలని వెతికి, తమిళనాడులో జవ్వాదు కొండల్లో కావలూరును ఎంచుకున్నారు. అది గిరిజనులుండే అడవి ప్రాంతం. దీపాలు తక్కువ, చీకటి ఎక్కువ. 1968లో అక్కడ 38 సెంటీమీటర్ల టెలిస్కోపుతో పని మొదలైంది. తర్వాత 2.34 మీటర్ల పెద్ద టెలిస్కోపును మన దేశంలోనే తయారు చేయించడానికి పూనుకున్నారు. 1979లో ప్రపంచ ఖగోళ శాస్త్రవేత్తల సంఘానికి అధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. ఆ పదవి అందుకున్న మొదటి భారతీయుడు ఆయనే. కానీ 1982 ఆగస్టు 19న జర్మనీలోని మ్యూనిక్‌లో చనిపోయారు. అప్పటికి 55 ఏళ్లే. ఆ పెద్ద టెలిస్కోపు పూర్తయింది ఆయన చూడలేదు. 1986లో దానికి ఆయన పేరే పెట్టారు.

ఆయన పెరిగిన హైదరాబాదులో ఇప్పుడు ఆకాశం ఎట్లా ఉంది? 1960ల్లోనే ఉస్మానియా విశ్వవిద్యాలయం వాళ్లు 48 అంగుళాల టెలిస్కోపును నగరం వదిలి రంగాపూర్ దగ్గర పెట్టుకోవలసి వచ్చింది. 1998లో సైబర్ టవర్స్ వచ్చాక హైటెక్ సిటీ వైపు కూడా దీపాలే దీపాలు. ఆ వెలుగు దుమ్ముకు తగిలి ఆకాశమంతా తెల్లగా పరుచుకుంటుంది. అయినా మేడ మీద చిన్న టెలిస్కోపుకు కెమెరా బిగించి గెలాక్సీల ఫోటోలు తీయాలనే ఇష్టం ఉన్నవాళ్లు ఉంటారు. ఒకే ఫోటో ఎక్కువసేపు తీస్తే తెల్లబడిపోతుంది కాబట్టి, చిన్న చిన్నవి వందలు తీసి కంప్యూటర్లో కలపాలి. ఊరి వెలుగును తీసేసి గెలాక్సీ వెలుగును మిగుల్చుకోవాలి. ఎంత కష్టమో చూడండి.

మనకు ఆ కష్టం లేదు. వాళ్లు కార్లేసుకుని వెతుక్కునే చీకటి మన గుమ్మంలోనే ఉంది. మన ఊళ్లో ఏమీ లేదని మనమే అనుకుంటుంటాం. బప్పు గారు ఇట్లాంటి అడవినే కోరి ఎంచుకున్నారు కదా!

అందుకే వార్డెన్ సార్లకు నా మనవి ఒకటే. కార్తీక అమావాస్య నాడు రాత్రి 8 గంటల నుంచి ఒక్క గంట గ్రౌండు లైట్లు ఆపించండి. కళ్లు చీకటికి అలవాటు పడడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. తర్వాత నడినెత్తికి కొంచెం ఉత్తరంగా, చిటికెడు విభూతి రాసినట్టు ఒక మసక మరక కనిపిస్తుంది. అదే ఆండ్రోమెడా గెలాక్సీ. ఆ వెలుగు బయలుదేరి సుమారు 25 లక్షల ఏళ్లయింది. అది మన హాస్టల్ దాకా వచ్చింది. చూడడానికి మనం లైట్లు ఆపితే చాలు.