సవర పిల్లల కోసం సవర నేర్చిన పంతులు

మనం తెలంగాణలో సెప్టెంబరు 9న కాళోజీ జయంతిని భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. ఆంధ్రలో ఆగస్టు 29న గిడుగు వేంకట రామమూర్తి జయంతిని అలాగే జరుపుతారు. గిడుగు వాడుక భాష కోసం పోరాడారని అందరికీ తెలుసు. అంతకు ముందే ఆయన చేసిన పని ఒకటుంది. తండాల పిల్లలతో కలిసి చదువుకున్న మరిపెడ వాళ్లకు అది మరింత దగ్గరిది.

ఆయన 1863లో శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. విజయనగరంలో గురజాడ అప్పారావుతో కలిసి చదువుకున్నారు. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరారు.

ఆ చుట్టుపక్కల కొండల్లో సవరలు ఉంటారు. వాళ్ల భాష తెలుగు కుటుంబానికి చెందింది కాదు, ముండా భాష. అప్పటికి దానికి లిపి లేదు. వాళ్ల పిల్లలకు తెలుగులో పాఠం చెబితే ఏం అర్థమవుతుంది? అందుకని పంతులుగారే సవర నేర్చుకున్నారు. రెండు భాషలూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని మాటలు రాసుకున్నారు. పుస్తకాలు తయారు చేశారు. సొంత ఖర్చుతో బడులు పెట్టి సవరలోనే చదువు చెప్పించారు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టమన్నారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు, దానికి వాడిన క్వినైన్‌తో చెవుడు వచ్చింది. అయినా పని ఆపలేదు. 1931లో ఆయన సవర వ్యాకరణం ఇంగ్లీషులో అచ్చయింది.

బడి పుస్తకాల్లోని గ్రాంథికం తెలుగు పిల్లలకు కూడా పరాయి భాషేనని ఆయన గ్రహించారు. వాడుక భాష ఉద్యమం అక్కడ మొదలైంది. దానికోసం 1919లో ‘తెలుగు’ పత్రిక నడిపారు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరడంతో ఆ ఊరు వదిలి రాజమండ్రి వెళ్లారు. 1940 జనవరి 22న కన్నుమూశారు.

మా తరగతిలో తండా నుంచి వచ్చిన మిత్రుడు తెలుగు మాట తప్పు పలికితే నవ్విన వాళ్లలో నేనూ ఉన్నాను. వాడికి రెండు భాషలు వచ్చని, నాకు ఒక్కటే వచ్చని ఆనాడు తట్టలేదు. ఈ స్వర్ణోత్సవ సందర్భంగా వాడికి క్షమాపణ చెప్పుకుంటున్నాను. ఇప్పుడు పాఠాలు చెబుతున్న సార్లకు, టీచరమ్మలకు ఒక మనవి. తండా పిల్లల భాషలో నాలుగు మాటలు నేర్చుకోండి. ఒకటో తరగతి పిల్లను మొదటి రోజు ఆమె మాటతోనే పలకరించండి.