విజ్ఞాన సభకు పునాది వేసిన సర్ సయ్యద్

భారతీయ ముస్లింల ఆధునిక విద్య ప్రస్తావన వచ్చినప్పుడల్లా సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ పేరు, ఆయన స్థాపించిన అలీగఢ్ కళాశాల పేరు వినిపిస్తాయి. అయితే ఆ కళాశాలకు పదకొండేళ్ళ ముందే, 1864లో, ఆయన గాజీపూర్‌లో సైంటిఫిక్ సొసైటీ అనే విజ్ఞాన సభను నెలకొల్పారు. ఈ సంగతి చాలామందికి తెలియదు. అలీగఢ్ అనే మహావృక్షానికి విత్తనం అదే.

సర్ సయ్యద్ 1817 అక్టోబర్ 17న ఢిల్లీలో జన్మించారు. తండ్రి మీర్ ముత్తఖీ దైవచింతన గల మనిషి. మాతామహులు ఖ్వాజా ఫరీదుద్దీన్ మొగల్ దర్బారులో మంత్రిగా పనిచేశారు. గణితంలోనూ ఖగోళశాస్త్రంలోనూ ఆయనది అందెవేసిన చెయ్యి. మనుమడికి లెక్కల మీద ఇష్టం ఆ ఇంటి నుంచే వచ్చింది. తల్లి అజీజున్నిసా బేగం క్రమశిక్షణకు పెట్టింది పేరు. చిన్నతనంలో ఒకసారి సయ్యద్ ఇంట్లోని ముసలి నౌకరును చెంపదెబ్బ కొట్టాడు. తల్లి కొడుకును ఇంట్లోంచి వెళ్ళగొట్టింది. ఆ నౌకరును క్షమాపణ అడిగాకే మళ్ళీ గడప తొక్కనిచ్చింది.

1838లో తండ్రి మరణించడంతో కుటుంబ భారం మీద పడింది. కంపెనీ న్యాయశాఖలో ఉద్యోగంలో చేరారు. ఉద్యోగం చేస్తూనే ఢిల్లీ కట్టడాల చరిత్రను సేకరించి 1847లో ఆసారుస్సనాదీద్ అనే గ్రంథాన్ని వెలువరించారు. కుతుబ్ మీనార్ పైభాగాన ఉన్న శాసనాలను రాసుకోవడానికి తాళ్ళు కట్టిన బుట్టలో కూర్చుని వేలాడుతూ పనిచేశారు.

ఆ రోజుల్లో ఆయనకు తెలిసిన ఖగోళశాస్త్రం పాత యూనానీ శాస్త్రమే. దాన్ని నమ్మి 1848లో, భూమి తిరగదని వాదిస్తూ ఖౌలె మతీన్ అనే చిన్న పుస్తకం రాశారు. తరువాత కొత్త శాస్త్రం బోధపడ్డాక ఆ అభిప్రాయాన్ని వదులుకున్నారు. స్వయంగా రాసి అచ్చువేసిన మాట తప్పని తేలినప్పుడు పట్టుదలకు పోకుండా సత్యాన్ని స్వీకరించడం పండితులకు సైతం కష్టం. ఆయన తరువాతి జీవితానికి ఈ గుణమే మూలం.

1857 తిరుగుబాటు నాటికి ఆయన బిజ్నోర్‌లో ఉన్నారు. ఢిల్లీలో బంధువులు హతమయ్యారు. గుర్రపుసాలలో తలదాచుకుని, తాగడానికి నీళ్ళు కూడా లేక అలమటించిన తల్లిని మీరట్‌కు తీసుకువచ్చారు. ఆమె అక్కడే కన్నుమూసింది. దేశం వదలి ఈజిప్టు వెళ్ళిపోదామన్న ఆలోచన కూడా ఆయనకు కలిగింది. చివరకు, కష్టాల్లో ఉన్న జాతిని విడిచిపోవడం న్యాయం కాదని ఆగిపోయారు. తిరుగుబాటుకు పాలకుల తప్పిదాలే కారణమని వివరిస్తూ పుస్తకం రాసి, ఆ పాలకులకే అందజేశారు.

విజ్ఞానం లేనిదే ఈ పతనం నుంచి లేవలేమని ఆయన గ్రహించారు. కాని కొత్త శాస్త్రాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. ఆ భాష తెలిసినవారు వేళ్ళమీద లెక్కించదగినంతమంది. ఆయనకు కూడా ఇంగ్లీషు అంతంత మాత్రమే. జనం ఇంగ్లీషు నేర్చేదాకా విజ్ఞానం ఆగాలా? విజ్ఞానాన్నే జనభాషలోకి తెస్తే? సైంటిఫిక్ సొసైటీ ఈ ఆలోచనలోంచే పుట్టింది.

అదే ఏడాది ఆయనకు అలీగఢ్ బదిలీ అయింది. సొసైటీ కూడా వెంట తరలివెళ్ళింది. 1866లో దానికి సొంత భవనం సమకూరింది. తన అచ్చుయంత్రాన్ని ఆయన సొసైటీకే ఇచ్చేశారు. చరిత్ర, అర్థశాస్త్రం, వ్యవసాయం, గణితం మొదలైన విషయాలపై పుస్తకాలు ఉర్దూలోకి వచ్చాయి. పరికరాలతో ప్రయోగాలు చేసి చూపిస్తూ ఉపన్యాసాలు ఇప్పించేవారు. కొంత భూమి సంపాదించి కొత్త విత్తనాలు, కొత్త సేద్యపు పద్ధతులు పరీక్షించారు. 1866లోనే ఉర్దూ, ఇంగ్లీషు పక్కపక్కన అచ్చయ్యే అలీగఢ్ ఇన్‌స్టిట్యూట్ గెజిట్ ప్రారంభమైంది.

ఈ సభలో ముస్లింలు, హిందువులు, ఇంగ్లీషువారు కలిసి కూర్చునేవారు. మత గ్రంథాల జోలికి పోరాదని నియమం పెట్టుకున్నారు. 1867లో సర్ సయ్యద్ బనారస్‌కు బదిలీ అయినప్పుడు కార్యదర్శి బాధ్యతను తన ప్రాణమిత్రుడు రాజా జైకిషన్ దాస్ చేతిలో పెట్టారు. విజ్ఞానం ఏ ఒక్క వర్గం సొత్తూ కాదని చేతలతో చూపించారు.

అనువాదాల దారి సులువుగా సాగలేదు. శాస్త్ర పదాలు దొరికేవి కావు. ఉద్యోగాలకు, పట్టాలకు ఇంగ్లీషే కావలసివచ్చేది. 1869-70లో ఇంగ్లండు చూసి వచ్చాక అనువాదాలు మాత్రమే చాలవన్న నిర్ణయానికి వచ్చి 1875లో అలీగఢ్‌లో మద్రసతుల్ ఉలూమ్ ప్రారంభించారు. 1877లో కళాశాల భవనానికి పునాదిరాయి పడింది. అదే 1920లో విశ్వవిద్యాలయమైంది.

ఆయన ధార్మిక అభిప్రాయాలు, ముఖ్యంగా ఖుర్ఆన్ వ్యాఖ్యానంలో మహిమల విషయమై రాసినవి, ఉలమాలకు సమ్మతం కాలేదు. ఫత్వాలు వెలువడ్డాయి. ఆ అభ్యంతరాలు నిరాధారమైనవి కావు, ఈనాటికీ వాటిని తోసిపుచ్చలేము. అయితే ఇరుపక్షాల పెద్దల నడవడి గమనించదగినది. దేవ్‌బంద్ దారుల్ ఉలూమ్ సంస్థాపకులు మౌలానా ఖాసిమ్ నానౌతవీ (రహ్మ) ఆయనతో విభేదిస్తూనే మర్యాదగా ఉత్తరాలు నడిపారు. 1880లో మౌలానా మరణించినప్పుడు సర్ సయ్యద్ తన గెజిట్‌లో ఆయన దైవభీతిని, నిరాడంబరతను మనసారా కీర్తించారు. తరువాత అలీగఢ్ కళాశాలలో ధార్మిక బోధన బాధ్యత మౌలానా అల్లుడు అబ్దుల్లా అన్సారీకి అప్పగించబడింది.

సర్ సయ్యద్ కృషిలో హైదరాబాద్‌కూ వాటా ఉంది. కళాశాలకు నిజాం ప్రభుత్వం ధనసహాయం చేసింది. ఆయన స్వయంగా 1891లో హైదరాబాద్ వచ్చారు. ఆయన మనుమడు సర్ రాస్ మసూద్ తరువాత ఇక్కడ విద్యాశాఖ డైరెక్టరుగా పనిచేశారు. ఆ కాలంలోనే, 1917లో అనువాద శాఖ దారుత్తర్జుమా, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడ్డాయి. వైద్యం, ఇంజనీరింగు దాకా ఉర్దూలో బోధించారు. తాత గాజీపూర్‌లో కన్న కల మనుమడి హయాంలో దక్కన్‌లో ఫలించింది. 1948 తరువాత అక్కడ ఉర్దూ స్థానంలోకి ఇంగ్లీషు వచ్చింది.

1898 మార్చి 27న సర్ సయ్యద్ ఒక మిత్రుని ఇంట్లో తుదిశ్వాస విడిచారు. అలీగఢ్ విశ్వవిద్యాలయపు జామె మసీదు ప్రాంగణంలో ఆయన సమాధి ఉంది.

దివ్యావతరణ ప్రారంభమైందే చదవమన్న ఆదేశంతో. అటువంటి ధర్మాన్ని అనుసరించే మన ఇళ్ళలో సైన్సు చదివే పిల్లవాడు ధర్మానికి దూరమవుతాడన్న భయం, ధర్మం చదివే పిల్లవాడికి సైన్సు అక్కర్లేదన్న నిర్లక్ష్యం ఇంకా కనిపిస్తున్నాయి. రెండూ తగవు. సర్ సయ్యద్ అభిప్రాయాలన్నిటినీ అంగీకరించనక్కర్లేదు. కాని ఉర్దూలో గాని, తెలుగులో గాని మన పిల్లలకు తెలిసిన భాషలో ఒక మంచి సైన్సు పుస్తకం అందించడం, మహల్లాలో ఒక చిన్న గ్రంథాలయం తెరవడం మనచేతిలో ఉన్న పనే. అల్లాహ్ ఆయన సేవలను స్వీకరించి, పొరపాట్లను మన్నించుగాక. మనకు ప్రయోజనకరమైన జ్ఞానాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.