మాథ్యూ అబ్రహాము – వ్రాయని మరణశాసనము



న్యాయశాస్త్రము చదివినవారికి మాథ్యూ అబ్రహాము పేరు సుపరిచితము. మన సంఘములలో మాత్రం ఆయనను ఎరిగినవారు తక్కువ. భారత క్రైస్తవుని ఆస్తి ఏ చట్టము ప్రకారం వారసులకు చెందాలన్న ప్రశ్న ఆయన ఇంటి నుండే లండను వరకు వెళ్లింది. గనుక ఈ శతాబ్ది సంచికలో ఆయన జీవితమును మీ ముందుంచుట మంచిదని మాకు తోచింది.

ఆయన నివాసము బళ్లారి. ఆనాడది మద్రాసు రాజధానిలో, దత్తమండలములలోని పట్టణము. ఇంగ్లీషు సైన్యమునకు స్థావరము. అంటరానివారని లోకము దూరముంచిన తమిళ కుటుంబములో ఆయన జన్మించారు. కొన్ని తరముల క్రిందటనే ఆ కుటుంబము క్రీస్తును అంగీకరించింది. మాథ్యూ సైన్యపు ఆయుధాగారములో పనిచేశారు. తరువాత అంగడి పెట్టారు. సారా బట్టీ వ్యాపారములోను దిగారు. ఆ వ్యాపారమును మేము మెచ్చుకొనుట లేదు గాని, ఆయన కష్టజీవి అనుటలో సందేహము లేదు. 1820లో షార్లెట్ ఫాక్స్ అను ఆంగ్లో ఇండియన్ స్త్రీని వివాహమాడారు. చార్లెస్ హెన్రీ, డేనియల్ విన్సెంట్ వారి కుమారులు. తమ్ముడు ఫ్రాన్సిస్‌ను మాథ్యూ చేరదీసి తన వ్యాపారములో పెట్టుకున్నారు.

1842లో మాథ్యూ కన్నుమూశారు. మరణశాసనము వ్రాయలేదు. ఫ్రాన్సిస్ వ్యాపారమును నడిపాడు. చార్లెస్ హెన్రీ ఇంగ్లండు వెళ్లి కేంబ్రిడ్జిలో చదివాడు. కొన్నేండ్లు ఇల్లు సజావుగానే సాగింది. తరువాత వదినకు మరిదికి పొసగలేదు. 1854లో షార్లెట్ మరిది మీద దావా వేసింది. ఆస్తి తన భర్తదని, ఆయన భార్యాబిడ్డలకే చెందాలని ఆమె వాదము. తాము హిందూ ధర్మము ప్రకారం ఉమ్మడి అన్నదమ్ములమని, తనకు వాటా ఉన్నదని ఫ్రాన్సిస్ వాదము. వారి తిండి, బట్ట, భాష, పెండ్లి సంబంధములు అన్నీ కోర్టులో విచారణకు వచ్చాయి. బళ్లారి కోర్టు ఒకటి చెప్పగా మద్రాసు సదర్ అదాలతు మరొకటి చెప్పింది. 1863లో ప్రీవీ కౌన్సిలు తుది తీర్పు ఇచ్చింది. క్రైస్తవుడైనవాడు పాత ఆచారమును విడువవచ్చు, ఉంచుకొనవచ్చు. అతని నడవడిని బట్టి చూడాలని, ఈ ఇంటికి ఉమ్మడి కుటుంబ ధర్మము వర్తించదని ఆ తీర్పు సారాంశము. మాథ్యూ చనిపోయి అప్పటికి 21 ఏండ్లు!

రెండేండ్లకు, 1865లో, వారసత్వ చట్టము వచ్చింది. దాని స్థానములో వచ్చిన 1925 నాటి భారత వారసత్వ చట్టమే నేడు మనకు వర్తిస్తుంది. వీలునామా లేక చనిపోయిన క్రైస్తవుని ఆస్తిలో భార్యకు మూడవ వంతు, మిగిలిన రెండు వంతులు బిడ్డలకు. కుమారులకు కుమార్తెలకు సమాన భాగములే. సెలోపెహాదు కుమార్తెలు మోషే యెదుట నిలిచి అడిగిన హక్కు ఇక్కడ కుమారులతో సమానముగా దొరుకుతుంది.

మన కోస్తా గ్రామములలోను ఇట్టి ఇండ్లు లేకపోలేదు. పడవ అన్న పేరున ఉంటుంది, సముద్రము మీద కష్టము తమ్మునిది. రొయ్యల గుంట తండ్రి పేరున ఉంటుంది, పెట్టుబడి అల్లునిది. తండ్రి ఉన్నంతకాలము ఎవరూ నోరెత్తరు. ఆయన కన్నుమూసిన తరువాత అందరి మాటా న్యాయముగానే తోస్తుంది. తేల్చి చెప్పవలసినవాడు సమాధిలో ఉంటాడు.

వీలునామా వ్రాయుట కష్టము కాదు. తెల్ల కాగితము చాలు, స్టాంపు అక్కరలేదు. వ్రాయువాడు సంతకము చేయాలి. అది చూచిన ఇద్దరు సాక్షులు ఆయన యెదుట సంతకము చేయాలి. ఆస్తి పొందబోయేవారు గాని, వారి భార్య లేక భర్త గాని సాక్షులుగా ఉండరాదు. ఉంటే ఆ భాగము చెల్లదు. పెండ్లికి ముందు వ్రాసినది పెండ్లితో రద్దవుతుంది గనుక మరల వ్రాయాలి. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు, చేయించుట క్షేమము. క్రైస్తవుడు సంఘమునకు, ధర్మకార్యములకు వ్రాసియిచ్చుటపై ఉన్న ఆంక్షను 2003లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. అయితే సంఘమునకు ఇచ్చుటకు ముందు భార్యాబిడ్డలను, కష్టపడిన తమ్ముని తలచుకొనవలెనని మా మనవి.

హిజ్కియా రాజు మరణకరమైన రోగములో పడినప్పుడు, ఇల్లు చక్కబెట్టుకొమ్మని ప్రవక్త ద్వారా దేవుడు చెప్పించాడు. ఆ మాట రోగి కొరకే అని మనము అనుకొనరాదు. ఆరోగ్యముగా ఉన్నప్పుడే, ఇంటివారందరు ఒక్కచోట కూర్చుని మాటలాడుకొనగలిగినప్పుడే, ఈ పని ముగించుకొందుము గాక.