పాత మోటార్లే కొత్త రాకెట్లకు రెక్కలు

ఏలూరు: కొల్లేరును చేపల చెరువులు ఎంతగా ఆక్రమించాయో ఐఆర్‌ఎస్‌-1డి ఉపగ్రహ చిత్రాల ఆధారంగా ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2004లో వెల్లడించారు. ఆ ఉపగ్రహాన్ని 1997 సెప్టెంబరు 29న శ్రీహరికోట నుంచి మోసుకెళ్లింది పీఎస్‌ఎల్‌వీ. ఆ రాకెట్టు మొదటి దశ చుట్టూ అమర్చిన ఆరు మోటార్ల నమూనా కొత్తదేమీ కాదు. మన తొలి ఉపగ్రహ వాహక నౌక ఎస్‌ఎల్‌వీ-3కి మొదటి దశగా పనిచేసినదే. చేతిలో ఉన్నదానితోనే పెద్దది నిర్మించాలన్న ఈ బాటలో ఇస్రోను నడిపించినవారు ఆచార్య సతీష్ ధావన్.

1920 సెప్టెంబరు 25న శ్రీనగర్‌లో జన్మించిన ధావన్ లాహోరులో గణితం, ఆంగ్ల సాహిత్యం, ఇంజినీరింగ్ చదివారు. అమెరికాలో 1951లో డాక్టరేట్ పొంది బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో చేరారు. 1962లో దానికి డైరెక్టరయ్యారు. విక్రం సారాభాయ్ మరణానంతరం 1972లో ఇస్రో పగ్గాలు చేపట్టారు.

1979 ఆగస్టు 10న తొలి ఎస్‌ఎల్‌వీ-3 బంగాళాఖాతంలో కూలింది. విలేకరుల ఎదుట ఆ బాధ్యతను ధావన్ తన భుజాన వేసుకున్నారు. 1980 జులై 18న ప్రయోగం ఫలించినప్పుడు మాత్రం ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాంను ముందుకు పంపారు.

ఆ రాకెట్టు మోయగలిగింది 40 కిలోలే. కొత్త మోటారు తయారీకి, పరీక్షలకు ఏళ్లు పడుతుంది. ఒకసారి ఎగిరిన మోటారు గుణదోషాలు ముందే తెలిసి ఉంటాయి. అందుకే అదే మోటారును చెరో పక్క ఒకటి చొప్పున తగిలించి, 150 కిలోలు మోసేలా ఏఎస్‌ఎల్‌వీని రూపొందించారు. పీఎస్‌ఎల్‌వీకి ఆరు అమర్చారు.

అయితే పాతవాటిని జతకూర్చడం తేలిక కాలేదు. పక్క మోటార్లు ఆగి నడిమి మోటారు అందుకోవలసిన ఘడియలోనే 1987, 1988లలో ఏఎస్‌ఎల్‌వీ విఫలమైంది. 1992లో గానీ గట్టెక్కలేదు. ఆ పాఠాల నడుమ రూపుదిద్దుకున్న పీఎస్‌ఎల్‌వీ సైతం 1993లో తొలి ప్రయోగంలో తడబడి, 1994 అక్టోబరు 15న విజయం సాధించింది. అప్పటికి ధావన్ పదవీ విరమణ చేసి పదేళ్లు. పీఎస్‌ఎల్‌వీ మొదటి దశనూ, రెండో దశలోని వికాస్ ఇంజినునూ వాడుకుని 2001 ఏప్రిల్ 18న జీఎస్‌ఎల్‌వీ ఎగరడాన్ని కూడా ఆయన చూశారు.

పక్షులు ఎగిరే తీరుపై పుస్తకం రాసిన ధావన్ 2002 జనవరి 3న కన్నుమూశారు. కొల్లేరులాగే వలస పక్షులకు నెలవైన పులికాట్ సరస్సు చెంతనున్న శ్రీహరికోట కేంద్రానికి ఆ ఏడాదే ఆయన పేరు పెట్టారు.