వ్యాయామ గురువు కోడి రామమూర్తి నాయుడు

నంద్యాల, ఆళ్లగడ్డ సంఘాల అక్కచెల్లెళ్లకు ఈ ఏడాది మేము కోడి రామమూర్తి నాయుడు గారి గురించి చెప్పదలిచాం.

ఆయన 1882లో ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో పుట్టారు. చిన్నప్పుడే తల్లి పోయింది. విజయనగరంలో బాబాయి ఇంట్లో పెరిగారు. అక్కడే కసరత్తు, కుస్తీ నేర్చుకున్నారు. తర్వాత మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరం వచ్చి బడిపిల్లలకు వ్యాయామ ఉపాధ్యాయుడయ్యారు.

ఆ తర్వాత సొంతంగా సర్కస్ కంపెనీ పెట్టారు. ఒంటికి చుట్టిన ఇనుప గొలుసు ఊపిరి బిగించి తెంచేవారు, రొమ్ము మీద ఏనుగును నిలబెట్టుకునేవారు. జనం కలియుగ భీముడన్నారు. అంత బలం ఉన్నా ఆయన శాకాహారి. రోజూ చేసిన సాధనే ఆయన్ను నిలబెట్టింది. బాగా సంపాదించారు, దానధర్మాలకు బాగా ఇచ్చారు. చివరికి జబ్బు చేసి కాలు తీసేయాల్సి వచ్చింది. 1942లో కన్నుమూశారు. శ్రీకాకుళం స్టేడియానికి ఆయన పేరే పెట్టారు.

బలం పుట్టుకతో వచ్చేది కాదు, నేర్పితే వచ్చేది. మరి మన ఇళ్లల్లో ఆడపిల్ల పెద్దమనిషి కాగానే ఆట ఎందుకు మాన్పిస్తున్నాం? బడి కమిటీలో ఉన్న తల్లులు ఆటల పీరియడ్ గురించి అడగండి. అందులో ఆడపిల్లలు కూడా ఆడుతున్నారా లేదా, మీరే వెళ్లి చూసి రండి.