జేమ్స్ మాడిసన్: ఒక రాజ్యాంగానికి సాక్షి

తెలుగు బోధించే మేము రాజనీతిశాస్త్రపు విషయాన్ని ఎత్తుకోవడం కొందరికి వింతగా తోచవచ్చు. కాని సందర్భం తెలియనిదే పద్యానికి అర్థం చెప్పలేమన్నది తరగతి గదిలో మాకు నిత్యానుభవం. రాజ్యాంగం విషయంలోనూ అంతేనని, అమెరికా రాజ్యాంగ పితగా పేరొందిన జేమ్స్ మాడిసన్ జీవితం చదివినప్పుడు మాకు తెలియవచ్చింది.

మాడిసన్ 1751 మార్చి 16న వర్జీనియాలో, బానిసల చెమటతో పండే తోటలు గల సంపన్న కుటుంబంలో జన్మించాడు. పొట్టి మనిషి, బలహీనమైన దేహం, మెల్లని గొంతు. 1771లో ప్రిన్‌స్టన్ కళాశాలలో పట్టభద్రుడైన ఆయన స్వస్థలం చేరిన ఆ సంవత్సరాలలో, ప్రభుత్వం గుర్తించిన చర్చికి చెందని బాప్టిస్టు బోధకులను పొరుగు జిల్లాలో చెరసాల పాలుచేస్తున్నారు. ఆ అన్యాయం యువకుని మనస్సులో నాటుకుపోయింది. 1785లో మతబోధకుల పోషణకై ప్రజలపై పన్ను విధింపజూచినప్పుడు, దానిని ఖండిస్తూ విజ్ఞాపనపత్రం రచించి ఆ ప్రయత్నాన్ని ఓడించాడు. మరుసటి ఏడు, జెఫర్సన్ రచించిన మతస్వాతంత్ర్య శాసనాన్ని వర్జీనియా సభలో నెగ్గించినవాడూ ఆయనే.

స్వాతంత్ర్యానంతరం పదమూడు రాష్ట్రాల కూటమి పేరుకు మాత్రమే మిగిలింది. కాంగ్రెసుకు పన్నువేసే అధికారం లేదు. యుద్ధ ఋణాలు తీరే దారి లేదు. 1786లో మసాచుసెట్స్‌లో అప్పులపాలైన రైతులు తిరగబడి న్యాయస్థానాలను మూయించారు. ప్యారిస్ నుండి జెఫర్సన్ పంపిన గ్రంథాలు ముందు వేసుకొని, ప్రాచీన గ్రీకు సమాఖ్యలు ఎందుకు కూలిపోయాయో మాడిసన్ శోధించాడు.

1787 మే నెలలో ఫిలడెల్ఫియాలో మహాసభ ఆరంభమైంది. చర్చలు బయటికి పొక్కరాదని నిబంధన. మాడిసన్ ముందువరుసలో కూర్చుండి, ఒక్కదినమైనా తప్పక సభకు హాజరై, విన్నదంతా సంక్షిప్తంగా వ్రాసుకొని ఆ పిదప పూర్తిగా ఎత్తి వ్రాసేవాడు. ఆ శ్రమ లేకుంటే ఆ వేసవి చర్చలలో అధికభాగం మనకు దక్కేది కాదు.

ఆనాటి రాజ్యాంగపాఠంలో బానిస అనే మాట ఒక్కచోటనైనా కానరాదు. స్వతంత్రులను చెప్పి, మిగిలిన మనుషులను అయిదింట మూడువంతులుగా లెక్కించాలన్నారు. ఆ మిగిలినవారెవరో పాఠం చెప్పదు; చరిత్ర చెబుతుంది. మనుషులలో ఆస్తిహక్కు ఉండవచ్చునన్న భావాన్ని రాజ్యాంగంలో చేర్చడం తప్పని మాడిసన్ సభలో అన్నట్లు ఆయన వ్రాతలలోనే ఉన్నది. అలా అన్న మనిషి, తన తోటలో పనిచేసే సుమారు నూరుగురు బానిసలను మరణశాసనంలోనైనా విడుదల చేయలేదు. అభిమానం కొద్దీ దీనిని దాచిపెట్టడం మాకు చేతకాదు.

హక్కుల పట్టిక అనవసరమని ఆయన మొదట తలచాడు. జెఫర్సన్ లేఖలు, వర్జీనియా బాప్టిస్టుల ఆందోళన ఆయన మనస్సును మార్చాయి. ఓటర్లకిచ్చిన మాట ప్రకారం 1789 జూన్ 8న కాంగ్రెసులో సవరణలు ప్రతిపాదించాడు. వాటిలో పది 1791 డిసెంబరు 15 నాటికి ఆమోదం పొందాయి. మతస్వేచ్ఛను గూర్చిన మొదటి సవరణను చదివే విద్యార్థికి ఆ చెరసాల గోడలు కూడా కనిపించాలి.

1809 నుండి 1817 వరకు ఆయన అధ్యక్షుడు. ఆ కాలంలోనే, 1814లో, బ్రిటిషు సేన రాజధానిని తగులబెట్టింది. 1836 జూన్ 28న మరణించేనాటికి మహాసభ సభ్యులలో బ్రతికి ఉన్నవాడు ఆయన ఒక్కడే. భద్రపరచిన వ్రాతలు 1840లో అచ్చయ్యాయి. వాటిని ఆయన వార్ధక్యం వరకు అక్కడక్కడ దిద్దుతూ వచ్చాడని పరిశోధకులు తేల్చారు. సాక్షినైనా పరీక్షించి చదవవలసినదే.

మరణసమయాన ప్రక్కన ఉన్న పరిచారకుడు పాల్ జెన్నింగ్స్ ఆయన బానిస. 1847లో సెనేటరు డేనియల్ వెబ్‌స్టర్ 120 డాలర్లు చెల్లించి అతనిని విడిపించగా, ఆ సొమ్మును అతడు పనిచేసి తీర్చుకొన్నాడు. 1865లో తన యజమానిని గూర్చిన జ్ఞాపకాలను గ్రంథంగా వెలువరించాడు.