అన్నదమ్ములను బలిగొన్న జబ్బుకు మందు తెచ్చిన యల్లాప్రగడ

గర్భిణులకు ఇచ్చే ఫోలిక్ ఆమ్లం మాత్ర, పిల్లల రక్త క్యాన్సర్‌కు వాడే మెథోట్రెక్సేట్. ఈ రెండు మందుల చరిత్రలోనూ కనిపించే తెలుగు పేరు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. పైచదువులు మద్రాసులో సాగాయి. హిందూ హైస్కూలు నుంచి మూడో ప్రయత్నంలో మెట్రిక్ గట్టెక్కి, తర్వాత మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. గాంధీజీ పిలుపు విని ఖద్దరు గౌనుతో శస్త్రచికిత్సకు వెళ్లడం ఆంగ్లేయ ఆచార్యుడికి కంటగింపయింది. చివరికి ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

అంతకన్నా పెద్ద దెబ్బ ఇంట్లో తగిలింది. ఇద్దరు సోదరులు స్ప్రూ వ్యాధితో పోయారు. పేగులు ఆహారంలోని సారాన్ని పీల్చుకోలేక, మనిషి రక్తం లేక పాలిపోయే జబ్బు అది. అదే జబ్బు తనకూ వస్తే ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి గారి చికిత్సతో బతికి బయటపడ్డారు.

1922లో మామగారి అండతో, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి సాయంతో బోస్టన్ చేరారు. ఆసుపత్రిలో రాత్రి పనులు చేస్తూ హార్వర్డ్‌లో చదివారు. ఫిస్కేతో కలిసి కండరాల్లోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, కణాలకు శక్తినిచ్చే ఏటీపీని వెలికితీశారు. అయినా అక్కడ శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలకు మారారు.

1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. అది చాలకపోతే ఎముక మజ్జలోని కణాలు తమ జన్యు పదార్థానికి సరిగా నకలు తీసుకోలేవు. రక్తకణాలు పెద్దవై, పక్వానికి రాకుండా మిగిలిపోతాయి. స్ప్రూ రోగుల్లో రక్తహీనతకు కారణం ఇదే. ఫోలిక్ ఆమ్లం ఇవ్వగానే వారు తేరుకున్నారు.

రక్త క్యాన్సర్ కథ దీనికి తలకిందులు. జన్యువులు పోవడం వల్లో, తారుమారు కావడం వల్లో తెల్లకణాలు ఎదగకుండానే అదుపు లేకుండా పెరుగుతాయి. ఫోలిక్ ఆమ్లం ఇస్తే జబ్బు మరింత ముదురుతోందని బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ గమనించారు. అప్పుడు సుబ్బారావు బృందం ఆ ఆమ్లాన్ని అడ్డుకునే అమినోప్టెరిన్‌ను అందించింది. 1948లో ఫార్బర్ వెల్లడించిన ఫలితాల ప్రకారం 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలం జబ్బు తగ్గింది. అంతకుముందు ఆ జబ్బుకు మందే లేదు.

ఆ ఏడాది ఆగస్టులోనే, 53 ఏళ్ల వయసులో, సుబ్బారావు న్యూయార్క్‌లో కన్నుమూశారు. వెళ్లినవాడు మళ్లీ స్వదేశం చూడలేదు. ఇక్కడ భార్య శేషగిరి గారు ఎదురుచూస్తూనే ఉండిపోయారు. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. ఎందరో తల్లుల ఒడి నిలిపిన మందుల వెనుక ఆ ఇల్లాలి నష్టం కూడా ఉంది. ఆయనను తలచుకున్నప్పుడు ఆమెనూ తలచుకోవడం మన ధర్మం.